ఎంగిలి కాని కత్తెర

ఈ ఏడు కూడా లారీ వచ్చింది. ముందు బ్యానరు కట్టుకుని, మైకులో పాటలు పెట్టుకుని వచ్చింది. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లలు. కండువాలు వేసుకున్నవాళ్లు తలా ఒక సంచి పట్టుకుని నది ఒడ్డున ఫొటోకు నిలబడ్డారు. తన ముఖం సరిగ్గా పడలేదని ఒకాయన విప్పిన సంచికి మళ్లీ ముడి వేయించి, మళ్లీ విప్పాడు. ఆ కాసేపట్లో లోపల ఎన్ని పిల్లలు వెల్లకిలా తేలాయో ఎవరికి పట్టింది? ఈ పిల్లలు ఏ నీళ్లవి, వీటి తల్లులు ఎక్కడివి, వీటిని తెచ్చి ఏ నీళ్లలోకి వంపుతున్నాం అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

అడిగే మనిషి ఒక్కతే ఉండేది. మొన్న ఎండకాలంలో పోయింది.

పోయిన సంగతి కూడా నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. వానలు పడ్డాయి, ఇంకా రాలేదేమిటని ఫోన్ చేస్తే ఆమె చెల్లెలు ఎత్తింది. జబ్బు సంగతి ఎవరికీ చెప్పుకోలేదట. పాత పేపర్లన్నీ తిరగేశాను. సినిమావాళ్ల ఇంట్లో కుక్క పోతే ఫొటో వేసే పేపర్లు ఈమె గురించి ఒక్క ముక్క వేయలేదు. అందుకే నేను రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. "చేప పేరు రాయి పెద్దనాయనా, నీళ్ల పేరు రాయి. నా పేరెందుకు?" అనేది. సరే, ఆ మాటే నిలబెడుతున్నాను.

నాది బస్సులు ఆగే చోట కుట్టు మిషను. బడిలో చదివింది తక్కువ. చదివిందంతా గద్వాల గ్రంథాలయంలో, ఆ తర్వాత నా మిషను పక్కన పేర్చుకున్న పాత పుస్తకాల్లో. ఒకరోజు బస్సు దిగి, భుజానికి రెండు సంచులతో, గొడుగును కర్రలా పొడుస్తూ ఒకామె నేరుగా నా కొట్టులోకి వచ్చింది. యాభై దాటిన మనిషి. మెడలో దారానికి చిన్న కత్తెర వేలాడుతోంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి, "జర సాన పడుతవా పెద్దనాయనా? రెక్క తెగుతలేదు" అంది.

అంచు చూశాను. ఉక్కంతా నీలంగా మారిపోయి ఉంది.

"మంటల పెట్టినవా దీన్ని?"

"పెట్టిన. దినాం పెడ్త."

"కత్తెరను మంటల పెట్టేటోల్లకు సాన పట్టను పో. పదును ఎట్లుంటది?"

కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని, సంచిలోంచి పల్లికాయలు తీసి నా ముందు కొన్ని పోసి, తను ఒలుచుకుంటూ చెప్పింది. చేప తోకరెక్క కొసన గోరంత ముక్క కత్తిరిస్తుంది. దాన్ని స్పిరిటు పోసిన చిన్న సీసాలో వేస్తుంది. అదే కత్తెరతో రెండో చేపను కత్తిరిస్తే మొదటి చేప తడి రెండో దానికి అంటుకుంటుంది. అందుకని ప్రతి చేపకూ కత్తెరను తుడిచి మంట చూపిస్తుంది.

"అంటే ఎంగిలి" అన్నాను.

ఒలుస్తున్న పల్లికాయ చేతిలోనే ఆగింది. "అబ్బ! ఇంత చిన్న మాటకు నేను పిల్లలకు గంట పాఠం చెప్తుంటి" అని నవ్వింది. అప్పటినుంచి ఆమె నోట ఆ మాటే. ఒక చేప ఎంగిలి ఇంకో చేపకు తగలొద్దు. ఒక సీసా ఎంగిలి ఇంకో సీసాకు తగలొద్దు. నేను సాన పట్టాను. మళ్లీ మంటలో పెట్టింది. వచ్చినప్పుడల్లా నేను తిట్టడం, ఆమె పల్లికాయలు పోయడం. మా స్నేహమంతా ఇదే.

ఆమెది తెలకపల్లి దిక్కు, మెట్ట రైతుల ఇల్లు. చిన్నప్పుడు నీళ్లంటే బావిలో చూడటమే. చదువు ఆమెను చేపల దగ్గరికి తీసుకుపోయింది గాని నీటి భయం పోగొట్టలేదు. మా నర్సింహులు నడిపే గుండ్రటి తెప్ప, పుట్టి ఎక్కితే అంచును రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకునేది. నర్సింహులు మా మత్స్యకార సంఘానికి పెద్ద, నన్ను మామా అని పిలుస్తాడు. కావాలనే పుట్టిని ఒక తిప్పు తిప్పేవాడు.

"నర్సింహులూ, నేను మునిగితే నీ మీదికి దయ్యమై వస్త!"

"దయ్యమైనంక ఈత వస్తది మేడమ్, భయపడకు."

పైగా చేప తినదు. చేపను ముట్టుకుంటుంది, దాని నోరు తెరిచి చూస్తుంది, దాంతో మాట్లాడుతుంది, తినదు. రెక్క కొస కత్తిరించే ముందు ప్రతి చేపకూ "ఒక్క నిమిషం తల్లీ" అని చెప్పేది. నర్సింహులు భార్య ఎల్లమ్మ చేపలు గంపకెత్తుకుని గద్వాలలో అమ్మే మనిషి. ఆమెకు ఇది చూస్తే నవ్వు ఆగేది కాదు. "ఓ మేడమ్, నీ నిమిషం అయినంక నా గంపలకే గదా వచ్చేది" అనేది.

మొదట ఆమె మా ఊరికి వచ్చింది కొర్రమట్ట చేప కోసం. కొర్రమట్ట సంగతి మా పాలమూరోళ్లకు చెప్పాలా? ముల్లు తక్కువ, రుచి ఎక్కువ, బజారులో అన్నిటికంటే ముందు అమ్ముడుపోయే చేప. మా ఊరి కింద నది రెండుగా చీలి, చిన్న పాయ ఎండకాలానికి తెగిపోయి మడుగుగా మిగులుతుంది. అందులోని కొర్రమట్టలు తాతల నాటి నుంచి ఉన్నవి. నీళ్లింకితే బురదలో దాగి, వాన పడగానే లేస్తాయి. ఊరి చెరువులోనివి అవి కావు. సంఘం వాళ్లు ఎక్కడో దూరాన పిల్లలు తీసే కేంద్రం నుంచి తెప్పించి పోసినవి. చూడటానికి రెండూ ఒకటే.

"ఒక్కతీరుగనే ఉన్నయి గదమ్మా, ఇంక వెతుకుడెందుకు?" అన్నాను ఒకసారి.

నా మిషను మీద సగం కుట్టిన అంగీని ఎత్తి చూపించింది. "ఇది నువ్వు కుట్టినవ్. గిసొంటిదే గద్వాల దుకాణంల ఉంటది. రెండూ అంగీలే. కుట్టు తిప్పి చూస్తే నీది ఏదో నీకు తెలుస్తదా, తెల్వదా?"

"గుడ్డిదీపం ముందల పెట్టినా తెలుస్తది."

"రెక్క ముక్కను చదివే నా మిషను గదే పని చేస్తది. లోపలి కుట్టు చూస్తది."

తర్వాత నేను అడిగి అడిగి తెలుసుకున్నదేమంటే, ప్రతి ప్రాణి లోపలా నాలుగే అక్షరాలతో రాసిన రాత ఒకటి ఉంటుంది, చదువుతూ పోతే ఒడవనంత పొడుగు. కొర్రమట్ట రాతను మొదలు నుంచి కొస దాకా చదివి మూలప్రతిగా పెట్టారు. మన చేప రాతను దాని పక్కన పెట్టి చదివితే ఎక్కడ తేడా ఉందో తెలుస్తుంది. ఏ నీటి చేప ఏదో, ఏది దేనితో కలిసిందో, ఒక నీటిలో ఎన్ని చేపలు పట్టినా జాతి నిలుస్తుందో అప్పుడు చెప్పవచ్చు. ఈ రాతలకు తాళం వేసి పెట్టకూడదనీ ఎవరైనా చదివేలా ఉండాలనీ ఆమె పట్టు. మా మడుగు చేప వేరేదని ఆమె అనుమానం. అనుమానమే, తేలిందని ఎప్పుడూ అనలేదు. "చూడకుండ చెప్పొద్దు" అన్నది ఆమె ఊతపదం. వేరేదని తేలితే మడుగులో బయటి పిల్లలు పోయకుండా ఆపవచ్చు. ఒకసారి కలిస్తే మళ్లీ విడదీయలేరు.

మొదటి ఏడు ఆషాఢంలో వచ్చింది. వరద వస్తే మడుగు నదిలో కలిసి చేపలు చెదిరిపోతాయి. అంతకు ముందే మడుగులో జోడుగా ఉన్న కొర్రమట్టల రెక్క ముక్కలు కావాలంది. తనకు హైదరాబాదులో మీటింగు ఉంది. సీసాలు, కత్తెర, దీపం నర్సింహులు చేతిలో పెట్టి, ఎంగిలి సంగతి వాడితో మళ్లీ మళ్లీ వల్లె వేయించి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అన్ని సీసాల్లో ముక్కలు ఉన్నాయి. మీద ఆమె చెప్పినట్టే 'మడుగు' అని రాసి ఉంది. సంబరంగా తీసుకుపోయింది.

చలికాలం నాటికి ఫలితం వచ్చింది. మడుగు చేపకూ చెరువు చేపకూ తేడా లేదు. ఆమె ఆ మాటే రాసిచ్చింది. మత్స్యశాఖ ఆఫీసులో దాన్ని చూసి, తేడా లేనప్పుడు ఇంకేముంది, వచ్చే వానాకాలం నుంచి మడుగులో కూడా పిల్లలు పోయండని ఫైలు నడిపారు.

మళ్లీ ఎండకాలంలో వచ్చింది. ఈసారి నా కొట్టుకు రాలేదు. నేరుగా నర్సింహులు ఇంటికి పోయి నన్ను పిలిపించింది. ఎల్లమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. ఎప్పుడూ సాసరులో పోసుకుని చప్పుడు చేస్తూ తాగే మనిషి, ఆ రోజు ముట్టుకోలేదు.

"నర్సింహులూ, ఒక మాట అడుగుత. అవి మడుగుల పట్టినవేనా?"

"మడుగువే మేడమ్."

"నదిల తిరిగే చేపలు ఒక్క కడుపున పుట్టినట్టు ఉంటయా? నా సీసాలల్ల ఉన్నయన్నీ అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లే. గట్ల చెరువుల పోసిన పిల్లలే ఉంటయి."

నర్సింహులు నేల చూశాడు. ఎల్లమ్మే ముందుకు వచ్చింది.

"ఆయన్ను అడుగుతవేంది, నన్నడుగు. చెరువుల పట్టినయే. నేనే పట్టుమన్న."

"ఎందుకక్కా?"

"నువ్వొచ్చినప్పుడు మడుగుల కొర్రమట్టలు పిల్లల మీదున్నయి. పిల్లల మీదున్నదానికి వల వెయ్యం, కత్తి పెట్టం. మా అత్త పెట్టలే, ఆమె అత్త పెట్టలే. గది పోతే పిల్లల్ని కాసేదెవరు? గంట తిరగకముందే జెల్ల చేపలు మింగుతయి."

"ఆ మాట నాకు చెప్తే అయిపోతుండె గదా!"

"ఎట్ల చెప్పాలె? ఈ జిల్లాల పుట్టిన ఆడబిడ్డవి. అంత దూరం నుంచి వచ్చి నోరు తెరిచి అడిగినవ్. ఆడబిడ్డను ఒట్టి చేతుల పంపుతరా ఎవలన్న? కొర్రమట్ట కొర్రమట్టనే గదా అనుకున్నం."

నాకెందుకు చెప్పలేదురా అని నర్సింహులు మీదికి లేస్తే, "నీకు చెప్తే బస్టాండుల అందరికీ చెప్పినట్టే గద మామా" అన్నాడు. ఎవరిని తిట్టాలో తెలియని కోపం ఎంత చెడ్డదో ఆ రోజు తెలిసింది. కట్టడి తప్పనివాళ్లు వీళ్లు. అతిథి మాట తీసేయనివాళ్లు వీళ్లు. రెండు మంచి పనులూ కలిసి మడుగు కొంప ముంచాయి.

ఆమె మాత్రం ఎల్లమ్మ చేయి పట్టుకుంది. "ఇంకోసారి నేను ఏదన్న అడిగితే కాదని చెప్పక్కా. ఒట్టి చేతుల పో అను. ఆడబిడ్డనైన నాకు గదే మీరు పోసే పెద్ద ఒడిబియ్యం" అంది. చాయ్ అట్లాగే ఉండిపోయింది.

ఆ వారమే ఆఫీసుకు పోయి, ముందు రాసిచ్చింది తప్పని రాసిచ్చింది. నేను కూడా వెంట పోయాను. తన తప్పును తన సంతకంతో రాసిచ్చిన చదువుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. కుర్చీలో ఉన్నాయన కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

"మేడమ్, మీరే ఒకటని రాస్తిరి. మీరే కాదని రాస్తిరి. మేం ఏది పట్టుకోవాలె?"

"ఏదీ పట్టుకోకుండ్రి. నేను మళ్లీ చూసి చెప్పేదాంక ఆగుండ్రి. గంతే."

"ఫైలు మీదికి పోయింది. వచ్చే ఏడు చూద్దాం."

నేను ఊరుకోలేదు. "కలిసినంక వచ్చే ఏడు ఏం చూస్తవయ్యా, పాలల్ల నీళ్లా?" అన్నాను. బయటికి నడవమన్నారు. నడిచాను. మెట్ల మీద ఆమె నాకు పల్లికాయలు ఇచ్చింది. "తిట్టకు పెద్దనాయనా, తిడితే వాళ్లకు మనను పంపుడు సులువైతది" అంది. తిట్టకుండా ఎట్లా ఉంటుందో ఆమె, నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ వానాకాలం మా ఊళ్లోనే మకాం పెట్టింది. మడుగు ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చునేది. తుంగలో కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుగట్టి తిరుగుతుంటే, అడుగున పెద్ద చేప కాపలా. గుంపు విడిపోయే దాకా చూద్దామంది. నర్సింహులు పొద్దున పొద్దున వచ్చి చూసి, "ఇంక పిల్లల మీదనే ఉన్నది" అని చెప్పి పోయేవాడు. ఆమె తల ఊపేది. ఒక్కరోజు కూడా తొందరపెట్టలేదు. చేతిలో కత్తెర ఉంది, ఎదురుగా చేప ఉంది, ఆ వెనక ఎక్కడో లారీ బయలుదేరుతోంది. నాకు ఒళ్లంతా గొంగళిపురుగులు పాకినట్టుండేది. ఆమె పల్లికాయలు ఒలుచుకునేది.

పిల్లలు విడిపోయాయని నర్సింహులు చెప్పిన పొద్దుననే పట్టారు. ఆమె ఒక్కో చేపకూ నిమిషం అడిగి, ముక్క తీసి, నీళ్లలో వదిలింది. ఆఖరి సీసాకు మూత పెడుతుండగా పాటలు వినిపించాయి. లారీ.

ఆమె గొడుగు పట్టుకుని దారికి అడ్డం పోయి నిలబడింది. చెరువులో పోసుకోండి, ఇక్కడ వద్దు అంది. లారీ వెంట వచ్చిన ఆఫీసు మనిషి, చెరువు లెక్క వేరే, ఇది మడుగు లెక్క అన్నాడు. డ్రైవరు దిగి వచ్చాడు. చెడ్డవాడు కాడు, నిద్రలేని కళ్లు.

"అమ్మా, సంచులల్ల గాలి అయిపోవట్టింది. ఇంక జరసేపుంటే పిల్లలన్ని చస్తయి. చంపుతవా చెప్పు, ఈడనే ఆపుత."

ప్రతి చేపనూ తల్లీ అని పిలిచే మనిషిని ఆ మాట అడిగాడు. ఆమె సంచుల వైపు చూసింది. మడుగు వైపు చూసింది. నేను అరుస్తూనే ఉన్నాను, జరగకమ్మా, చావనియ్యి, నువ్వు జరగకు అని. పక్కకు జరిగింది.

వాళ్లు వంపుతుంటే ఆమె వచ్చి ఒక సంచి దగ్గర కూర్చుంది. అందులోని పిల్లల నుంచి కూడా ముక్కలు తీయడం మొదలుపెట్టింది. ఏం పోశారో కనీసం అదైనా తెలిసి ఉండాలంది. ఒక పిల్లకు ముక్క తీసి, కత్తెర తుడిచి, మంట చూపించి, రెండో దానికి పోయింది. మళ్లీ తుడిచింది. మళ్లీ మంట చూపించింది. ఎల్లమ్మ తట్టుకోలేకపోయింది.

"ఇంకెందుకు తుడుసుడు మేడమ్? నదే ఎంగిలాయె."

ఆమె తల ఎత్తకుండానే అంది: "నది ఎంగిలైందని కత్తెరను గూడ చెయ్యాల్నా అక్కా?"

ఆమె గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క మాటలో ఉంది.

సంక్రాంతి దాటాక ఫోన్ వచ్చింది. "పెద్దనాయనా, మీది వేరే" అంది. ఆ గొంతులో సంతోషం వినపడింది, వెంటనే ఆగిపోయింది. అటు ఎవరో తలుపు వేసిన చప్పుడు, ఇటు నా మిషను చక్రం. రాతను నెట్‌లో అందరూ చదివే చోట పెట్టాననీ ఆఫీసుకు కూడా పంపాననీ చెప్పింది. ఆ తర్వాతి ఏళ్లు కూడా వానలకు వచ్చేది. వచ్చిన ప్రతి ఏడూ మడుగులో పట్టి చూసి, ఇంకా మనవి ఉన్నాయి, ఇన్ని కలిశాయి అని చెప్పేది. ప్రతి ఏడూ లారీ కూడా వచ్చేది.

ఈసారి ఫొటోలయ్యాక కొత్తగా వచ్చిన ఆఫీసరును పట్టుకుని అడిగాను, ఆ మేడమ్ పంపిన ఫలితం చూశావా అని. కుర్రాడే. మర్యాదగానే ఫోన్ తీసి, ఎక్కడెక్కడో నొక్కి చూపించాడు. నిజమే, ఉంది. మా నది పేరు ఉంది, చేప పేరు ఉంది. నాలుగు అక్షరాలు, వరసలు వరసలు.

"చూసినవా తాతా, మీ చేప యాడికీ పోలే. సేఫ్‌గున్నది" అన్నాడు.

"నీ పెట్టెల ఉన్నది ఈదుతదా బిడ్డా?" అన్నాను. నవ్వాడు. ముసలాయన ఛలోక్తి అనుకున్నాడు. వెనక లారీవాళ్లు ఖాళీ సంచులు మడతపెడుతున్నారు.

అందరూ పోయాక నర్సింహులు నన్ను చేయి పట్టుకుని తుంగ దిక్కు నడిపించాడు. భుజాన విసురువల ఉంది. వేలు పెట్టి చూపించాడు. నీళ్ల మీద ఎర్రని ముద్ద, కుంకుమ చల్లినట్టు, కదులుతోంది. పిల్లలు. కింద నుంచి పెద్ద కొర్రమట్ట ఒకటి పైకి వచ్చి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ పిల్లల అడుగుకు పోయింది.

"మామా, మనదా? లారీదా?"

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. మళ్లీ వచ్చింది, మింగింది, పోయింది. చూస్తే తెలిసేది కాదు. తెలుసుకోవాలంటే ముక్క తీయాలి. తీసినా చదివేదెవరు?

"తెల్వదురా" అన్నాను.

వాడు వలను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఏదైతే ఏంది, పిల్లల మీదున్నది" అన్నాడు. "పా పోదాం."